మా మేనత్త తవ్విన బెత్తెడు లోతు

మా మేనత్త పోయింది. ఈ మాట నాకు నందికొండలో, ఆనకట్ట పనివాళ్ళ గుడిసెల మధ్య నిలబడి ఉండగా తెలిసింది. అమ్ముదామని తెచ్చిన దుప్పట్ల మూట ఇంకా భుజం మీదే ఉంది. రాళ్ళ పనికి వచ్చిన మా ఊరి మనిషి ఒకతను దూరం నుంచే చెయ్యి ఊపుతూ వచ్చి, "నువ్వీడున్నవా? నిన్న పొద్దుగాల మీ మేనత్త పోయిందట. జల్ది పో" అన్నాడు. మూట అతని గుడిసెలో పడేసి బస్సెక్కాను.

బస్సులో సీటు దొరికింది గానీ కూర్చోలేకపోయాను. లేచి నిలబడితే కండక్టరు, "జాగా ఉన్నది కద, కూసోరాదు?" అని కసిరాడు. మా అత్త పక్కన ఉంటే అతనితో తగువు పెట్టుకునేదే. రెండు బస్సులు మారి, తిరుమలగిరిలో దిగి, మా ఊరికి సగం నడుస్తూ సగం ఉరుకుతూ వెళ్ళేసరికి అంతా అయిపోయింది. వాకిట్లో నీళ్ళు చల్లిన తడి తప్ప ఏమీ లేదు. ఆమె ముఖం నేను చూడలేదు. అందుకే కాబోలు, పన్నెండు రోజులైనా నాకు ఎక్కడా కాలు నిలవడం లేదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికే రెండుసార్లు లేచి వాకిలి దాకా వెళ్ళి వచ్చాను. చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

ఆమె మా బాపుకు అక్క. పెళ్ళయిన నాలుగేళ్ళకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. పిల్లలు లేరు. మా ఇంటి గోడకు ఆనుకుని ఉన్న ఒంటి గదిలో పడుకునేది గానీ, పగలంతా మా మగ్గం దగ్గరే. మేం నేతపనివాళ్ళం. నేసేవాడు పడుగులో అటూ ఇటూ విసిరే నాడెలోకి దారం చుట్టిన కండెలు ఎప్పటికప్పుడు అందుతుండాలి. ఆ కండెలు చుట్టడం ఆమె పని. నేల మీద కూర్చుని కుడిచేత్తో రాట్నం తిప్పాలి, ఎడమచేత్తో దారం వదలాలి. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా అదే తిప్పుడు. ముప్పయ్యేళ్ళ పైమాటే తిప్పింది.

కానీ ఆమె కుదురుగా కూర్చున్న మనిషి కాదు. మూడు కండెలు చుట్టగానే లేచేది. గోడకు రెండు అరచేతులూ ఆనించి, వీపు సాగదీసి, వాకిలి దాకా నడిచి వచ్చేది. మళ్ళీ మూడు కండెలు, మళ్ళీ వాకిలి. మా వాడకంతా అదొక వేడుక. "కాలుగాలిన పిల్లి తీరు ఎందుకు తిరుగుతవు వదినె, ఒక్క దగ్గర కూసోని పని చేసుకోరాదు?" అని మా అమ్మ రోజుకు ఒకసారైనా విసుక్కునేది. అత్త ఊరుకునే రకమా! "కాళ్ళు నిద్రపోకముందే లేవాలె పిల్లా. నిద్రపోయినంక లేపితె అవి నీ మాట ఇంటయా?" అని వాకిట్లోంచే కేకేసేది.

నాకూ నవ్వు వచ్చేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మా మగ్గం సంగతి కొంచెం చెప్పాలి. మాది గుంట మగ్గం. మగ్గం కింద నేలలో గుంట ఉంటుంది. నేసేవాడు గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, అడుగున ఉండే పలకలు తొక్కుతాడు. వెనక ఆనుకోవడానికి ఏమీ ఉండదు. కాళ్ళు తిన్నగా దిగితే నడుము దానంతట అదే నిలబడుతుంది. గుంట లోతు చాలకపోతే మోకాళ్ళు పైకి లేస్తాయి, నడుము వంగిపోతుంది, మెడ ముందుకు సాగుతుంది. అందుకని ఎవరి గుంట వాళ్ళ కాళ్ళకు సరిపోయేటట్టు తవ్వుకోవాలి. మా గుంట మాత్రం మా తాత తవ్వించుకున్నది. తాత పొట్టి మనిషట. ఆయన తరువాత మా బాపు అందులోనే కూర్చున్నాడు.

మా బాపు కూడా పొట్టివాడే అని నా లెక్క. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆయన నేల చూస్తూ నడిచేవాడు. "ఏందే, పోయిన సూది దేవులాడుతున్నవా?" అని తోటివాళ్ళు పరాచికాలాడితే నవ్వి ఊరుకునేవాడు. నేనేమో తాడిలా ఎదిగాను. "వీడు అచ్చం నా తమ్మునోలె" అని మా అమ్మ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేది.

బాపు చనిపోయిన ఏడాదే ఆ గుంటలో నేను కూర్చున్నాను. అంతకుముందు నేను వేరేవాళ్ళ మగ్గాల మీద కూలికి నేసేవాణ్ణి. సొంత మగ్గం మీద కూర్చున్నానని మొదట గర్వంగా ఉండేది. ఆ గర్వం నాలుగు నెలలు కూడా నిలవలేదు. నడుములో మొదలైన నొప్పి తుంటిలోకి, తొడలోకి, పిక్కలోకి దిగింది. సాయంత్రం గుంటలోంచి లేస్తే ఎడమకాలు ఉందో లేదో తెలిసేది కాదు. ఒకరోజు అలా లేవబోయి పక్కకు పడిపోయాను. నా భార్య వచ్చి పట్టుకోబోయింది. ఆమెకు అప్పుడు ఐదో నెల. "నువ్వు రాకు, నువ్వు రాకు" అని నేల మీద నుంచే అరిచాను.

భయం వేసింది. నిజం చెబుతున్నాను, చాలా భయం వేసింది. నాకు నేత తప్ప ఇంకో పని రాదు. పొలం లేదు. ఇరవై నాలుగేళ్ళకే నడుము పోతే పుట్టబోయే బిడ్డను ఏం పెట్టి పెంచాలి? దవాఖానకు పోతే డాక్టరు గోలీలిచ్చి పదిరోజులు పడుకోమన్నాడు. పడుకుంటే తగ్గింది, కూర్చుంటే మళ్ళీ వచ్చింది. మా అమ్మ ఊరుకోక పక్క ఊరి నుంచి ఒకాయనను పిలిపించి నడుము మీద సురుకులు పెట్టించింది. కాల్చిన చోట మూడు మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. నొప్పి మాత్రం కదల్లేదు.

ఒక మధ్యాహ్నం అత్త రాట్నం ఆపి నా వైపు చూస్తూ కూర్చుంది.

"అల్లుడా, నువ్వు నేస్తున్నవా, మోకాళ్ళకు గడ్డం రాస్తున్నవా?" అంది.

నాకు చిర్రెత్తింది. "నీకేంది అత్తా, మూడు కండెలకోసారి షికారు పోతవు. నాకు గట్ల కుదురుతదా?" అన్నాను.

ఆమె నొచ్చుకోలేదు. పీట తెచ్చి నా కింద వేసి కూర్చోమంది. కూర్చుంటే మోకాళ్ళు దిగాయి గానీ, నేసిన బట్ట చుట్టుకునే మొద్దు తొడలకు ఆనింది. చెయ్యి ఆడలేదు. పీట తీసేసింది. తరువాత నాలుగు దారపు పోగులు కలిపి తొడ మీద పేనింది. నన్ను గుంట అంచున కూర్చోబెట్టి, అరికాలి నుంచి మోకాలి వెనక మడత దాకా ఆ దారంతో కొలిచి ముడి వేసింది. దాన్ని గుంటలోకి దించి, కొస పలకకు ఆనించి పైకి లాగి పట్టింది. ముడి అంచుకు బెత్తెడు పైన ఆగింది.

ఆ ముడినే చూస్తూ ఉండిపోయింది. చివరికి దారాన్ని ఉండగా చుట్టి రొండిన దోపుకుని, "బెత్తెడు తవ్వాలె" అంది.

తవ్వడమంటే మాటలు కాదు. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే మా దగ్గర గోడ కూల్చరు, నేల తవ్వరు, గోడకు మేకు కూడా కొట్టరు. కొడితే బిడ్డకు తగులుతుందని నమ్మకం. నేనూ ఆ నమ్మకంలోనే పెరిగాను. మా అమ్మ అత్త మాట వినగానే చేతిలో చాట కింద పెట్టేసింది.

"ఇంట్ల పిల్ల కడుపుతోనుంటె మన్ను తవ్వుతనంటవా వదినె? నీకు మతి ఉన్నదా?"

"నీ కొడుకు నడుము చూడవా?"

"కడుపుల ఉన్నది గా కొడుకు బిడ్డ కాదా?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను పిరికివాణ్ణి. "కాన్పయినంక తవ్వుదం లే అత్తా, నాలుగు నెలలే కద" అన్నాను.

అత్త నన్ను అదోలా చూసింది. "గా మాట నేను ఇంతకుముందోసారి ఇన్న" అంది. ఎవరన్నారని అడిగితే చెప్పలేదు. లేచి వాకిట్లోకి పోయింది. ఆ రోజు మూడు కండెలకు కాదు, ఒక్కో కండెకూ లేచి తిరిగింది. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదని మా అమ్మే సణిగింది.

ఆ తరువాత అంగడి రోజు వచ్చింది. మా అమ్మ పొద్దున్నే తిరుమలగిరి అంగడికి పోయింది. మగ్గం మీద బట్ట కోసేశాం, కొత్త పడుగు ఇంకా ఎక్కించలేదు. అంటే గుంట ఖాళీగా ఉంది. అత్త గడ్డపార పట్టుకుని వచ్చి నా భార్య ఎదుట నిలబడింది.

"పిల్లా, ఇది నీ కడుపు సంగతి. నువ్వు వద్దంటె గడ్డపార మూలకు పెడత. నన్ను చూసి కాదు, నీ మొగుణ్ణి చూసి కాదు, నీ మనసుల ఏమున్నదో జెప్పు" అంది.

నా భార్య నెమ్మదస్తురాలు. కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. "నిన్న ఆయన చెంబెడు నీళ్ళు ఎత్తలేకపోయిండు అత్తా. రేపు బిడ్డనెట్ల ఎత్తుకుంటడు? తవ్వు" అంది.

అత్త ఆమెను తీసుకుపోయి తన గది అరుగు మీద కూర్చోబెట్టి, చెవులు మూసుకోమంది. నన్ను గుంట దగ్గరికి రానివ్వలేదు. "వంగినవంటె నీ కాళ్ళిరగ్గొడత" అంది. గుంటలోకి దిగి పలకలు విప్పి బయట పెట్టింది. పైమట్టి కొంచెం తేలికగానే వచ్చింది. కింద ఎర్ర మొరం తగిలింది. గడ్డపార వేస్తే ఖంగుమని తిరిగి లేచేది. ఆ రోజుల్లో నందికొండ దగ్గర కట్ట పునాదికి తవ్వుతున్నారు, వేలమంది జనం. మా ఇంట్లో తవ్వింది ఒక్క మనిషి. యాభై దాటిన మనిషి, రాట్నం తిప్పి తిప్పి కుడి భుజం అప్పటికే పట్టేసిన మనిషి. ఎడమచేతి బలంతో పోటు వేస్తూ, నాలుగు పోట్లకోసారి గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంటూ, మధ్యాహ్నం దాకా తవ్వింది. నేను గడపలో నిలబడి, ఒకసారి ఆమెనూ ఒకసారి అరుగు మీద నా భార్యనూ చూస్తూ, అటూ ఇటూ తిరిగాను. ఎటు ఉన్నా నా ప్రాణం రెండో వైపే ఉంది.

మా అమ్మ అంగడి నుంచి వచ్చేసరికి వాకిట్లో ఎర్ర మొరం కుప్ప ఉంది. గంప దించి, కుప్ప చుట్టూ తిరిగి ఇంట్లోకి వచ్చి, కోడలిని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ పూట నుంచి అత్తతో మాట్లాడటం మానేసింది.

ఆ నాలుగు నెలలూ ఎలా గడిచాయో చెప్పలేను. నా భార్యకు కాస్త కాలు గుంజినా, కాస్త కడుపు పట్టినట్టున్నా, అందరి చూపూ గుంట మీదికి పోయేది. అత్త రోజూ పొద్దున్నే వచ్చి గడప బయటే నిలబడి, "బిడ్డ కదులుతాందా?" అని అడిగేది. కదులుతోందంటే రాట్నం దగ్గరికి వచ్చేది. ఒకరోజు నా భార్య, "ఇయ్యాల ఇంకా తెల్వలేదు అత్తా" అంది. అత్త ఆ పూట ఒక్క కండె చుట్టలేదు. మధ్యాహ్నం బిడ్డ కదిలిందని చెప్పేదాకా మా వాడ ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉంది. అంత గుండె నిబ్బరంతో తవ్విన మనిషి అంత భయపడుతుందని నేను అనుకోలేదు.

నా నడుము ఒక్కరోజులో బాగుపడలేదు. నెల పట్టింది. ముందు కాలి తిమ్మిరి పోయింది, తరువాత తుంటి నొప్పి. అత్త నాకో కట్టడి పెట్టింది. మూర బట్ట నేయగానే లేచి నిలబడాలి. నేను మరిచిపోతే రాట్నం మీద కండెతో టకటకా కొట్టేది. "నొప్పొచ్చినంక లేసుడు గొప్ప కాదు. రాకముందే లే" అనేది. విసుగుతోనే లేచేవాణ్ణి. నేను గోడకు చేతులు ఆనించి వీపు సాగదీస్తుంటే ఆమె కూడా లేచి పక్క గోడకు చేతులు ఆనించేది. ఇద్దరినీ చూసి వాడలో ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు.

కాన్పు అయింది. ఆడపిల్ల. లోపలి నుంచి ఏడుపు వినబడినా అత్త వాకిట్లోనే నిలబడి ఉంది. మా అమ్మ బయటికి వచ్చి, ఆమెతో కాకుండా నాతో, "మీ అత్తను లోపలికి రమ్మను" అంది. అత్త లోపలికి వెళ్ళి, బిడ్డ మీది గుడ్డ తీసి, చేతివేళ్ళు లెక్కపెట్టింది, కాలివేళ్ళు లెక్కపెట్టింది, వీపు నిమిరింది. మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టింది. అప్పుడు కూలబడి ఏడ్చింది. మా అమ్మ ఆమెకు మంచినీళ్ళిచ్చింది. తరువాత ఇద్దరూ మామూలుగానే మాట్లాడుకున్నారు గానీ, గుంట ఊసు మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అప్పటి నుంచి ఇప్పటిదాకా నేను ఆ గుంటలోనే కూర్చుని నేస్తున్నాను. నడుము నిలబడింది. ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుని తిరిగాను. అత్త భుజం మాత్రం ఏడాదికేడాది బిగుసుకుపోయింది. ఆఖరికి చెయ్యి ఎత్తి తల దువ్వుకోలేకపోయేది, నా కూతురే జడ వేసేది. నాకోసం గడ్డపార పట్టిన మనిషి రాట్నం నేల మీదే ఉందనీ, దాని కింద నాలుగు ఇటుకలు పెట్టి, ఆమెకో పీట వేస్తే ఆ భుజానికి కొంచెం తెరిపి ఉండేదనీ నాకు పదేళ్ళలో ఒక్కసారి తట్టలేదు. ఆమె అడగలేదు. అడగాల్సిన అవసరం లేకుండా చూసుకోవాల్సింది నేను. ఈ మాట రాయకుండా ఆమె గురించి ఇంకేం రాసినా అది అబద్ధమే.

పదకొండో రోజు కర్మ అయ్యాక ఆమె గది సర్దాం. రెండు చీరలు, ఒక దువ్వెన, చిన్న చెక్కపెట్టె. పెట్టెలో ఒక గుడ్డ మడతలో దారాలు రెండు ఉన్నాయి. ఒకటి తెల్లగా ఉంది, నా కాలి కొలత తీసింది. దాన్ని వెంటనే గుర్తుపట్టాను. రెండోది మట్టిరంగుకు తిరిగి, ముట్టుకుంటే తెగేటట్టు ఉంది. దానికీ ఒక ముడి ఉంది. రెండింటినీ అరచేతి మీద పక్కపక్కన పరిచాను. కొసలు కలిపి చూస్తే రెండు ముడులూ ఒక్క చోటే పడ్డాయి.

"ఇదెవరిది అమ్మా?" అన్నాను.

మా అమ్మ వంగి, పాత దారం ముడిని వేలితో తడిమింది.

"మీ బాపుది" అంది.

నాకు అర్థం కాలేదు. బాపు పొట్టి కదా అన్నాను.

"పొట్టెక్కడిది కొడుకా! పెండ్లినాడు నీ అంతనే ఉండె. మీ అత్త అప్పుడే కొలిచింది, గుంట తవ్వుతనన్నది. నువ్వు నా కడుపుల పడ్డవు. నేను ఏడ్చి లొల్లి చేసిన, మన్ను ముట్టనియ్యలే. కాన్పయినంక తవ్వుదం లే అక్కా అన్నడు మీ బాపు. నువ్వు పుట్టినవు. పని మీద పడ్డడు. యాదికొచ్చేసరికి వంగిపోయిండు, ఇగ అలవాటయింది వద్దన్నడు. వంగినోణ్ణి అందరు పొట్టోడనుకుంటుంటె, నువ్వు నా తమ్ముని పోలికని చెప్పుకుంట తిరిగిన."

ఇంతకాలం ఆమె ఆ మాట ఎలా మోసిందో, అత్త ఎలా మోసిందో! ఒకే వాకిట్లో, ఒకే అన్నం తింటూ, ఇద్దరికీ తెలిసీ ఒకరితో ఒకరు ఆ ఊసెత్తకుండా. నేను లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ఏం చేయాలో తోచక మగ్గం ఇంట్లోకి వెళ్ళాను. మా అమ్మ నా వెనకే వచ్చింది. నా చేతిలోంచి పాత దారం తీసుకుని, గోడ పట్టుకుని మెల్లగా గుంట అంచున కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆ గుంట దగ్గర కూర్చోవడం నేను చూడలేదు. రెండు వేళ్ళతో ముడిని అంచుకు ఆనించి పట్టుకుని, మిగతా దారాన్ని లోపలికి వదిలింది. అది మెల్లగా విచ్చుకుంటూ దిగింది. కొస పలక మీద సరిగ్గా ఆనింది.